సంచి మీద 'ఆర్గానిక్' అని వేస్తే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. నాన్న పేరిట 3 ఎకరాలుంది, మరో 2 ఎకరాలు కౌలుకు చేస్తున్నాను. నాలుగేళ్ల నుంచి యూరియా గానీ పురుగుమందు గానీ ముట్టలేదు. ఊళ్లో మిల్లులో బియ్యం పట్టించి, 'ఆర్గానిక్ బియ్యం' అని అచ్చేసిన సంచుల్లో తెలిసినవాళ్లకు అమ్ముతున్నాను. ఈమధ్య హైదరాబాద్‌లో ఒక దుకాణానికి 40 సంచులిచ్చాను. అక్కడ ఫుడ్ ఇన్‌స్పెక్టర్ మా సంచి నుంచి శాంపిల్ తీశాడట. నామీద కేసు పెడతారా? సర్టిఫికెట్ ఎలా వస్తుంది? పక్క పొలం ఆయన మందు కొడితే మా మడిలోకి కొట్టుకొస్తోంది, దానికేం చేయాలి?
– ఒక రైతు

జవాబు: తెలిసినవాళ్లకు అమ్మిందీ, దుకాణానికి ఇచ్చిందీ మీకు ఒకే బియ్యం. చట్టానికి మాత్రం అవి రెండు వేర్వేరు అమ్మకాలు. 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం 'ఆర్గానిక్' అని చెప్పి అమ్మే సరుకుకు ఎన్‌పీఓపీ (గుర్తింపు ఉన్న సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది) సర్టిఫికెట్ గానీ పీజీఎస్-ఇండియా (రైతులే గుంపుగా ఒకరినొకరు తనిఖీ చేసుకుని పొందేది) సర్టిఫికెట్ గానీ ఉండి తీరాలి. ఏడాదికి 12 లక్షల రూపాయల టర్నోవర్ దాటని చిన్న రైతు, తినేవాళ్లకే నేరుగా అమ్ముకుంటే మినహాయింపు ఉంది. అప్పుడు కూడా సర్టిఫికెట్ ఉన్న ఆర్గానిక్ సరుకుకు వేసే 'జైవిక్ భారత్' లోగో వేయకూడదు. ఇన్నాళ్లూ మీ ఇంటికొచ్చి కొనుక్కెళ్లినవాళ్లతో జరిగిన వ్యవహారం ఈ మినహాయింపు కిందికి వస్తుంది. మధ్యలో దుకాణం వచ్చిన రోజే అది పోయింది.

'మేం రైతులం, ఫుడ్ సేఫ్టీ చట్టం మాకు వర్తించదు' అని కొందరంటారు. 2006 చట్టం 18(3) సెక్షన్ రైతుకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. అయితే అది పొలం దగ్గరి పంటకు సంబంధించింది. వడ్లు మిల్లుకెళ్లి, బియ్యమై, సంచిలోకెక్కి, పేరు అచ్చయ్యాక మీరు ప్యాకింగ్ చేసి అమ్మే వ్యాపారి కింద లెక్క. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ లేకపోతే అదింకో తప్పు. 'ఆర్గానిక్' తీసేసి 'కెమికల్ ఫ్రీ' అని వేస్తే సరిపోతుందనీ అనుకోకండి. ఆ మాటనూ మీరే రుజువు చేసుకోవాలి.

ఇక శాంపిల్ సంగతి. తీసిన సరుకును నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది. దుకాణదారు కోరితే ఒక భాగం గుర్తింపు పొందిన ల్యాబుకు పంపిస్తారు, దాని ఖర్చు ఆయనది. ఆయన అడిగాడో లేదో ఈరోజే కనుక్కోండి. అనలిస్టు రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే, అది అందిన 30 రోజుల్లో డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (జిల్లా స్థాయి ఆహార భద్రత అధికారికి) అప్పీలు చేసుకోవాలి. ఈ గడువు దాటిస్తే తర్వాత ఎంత వాదించినా లాభం తక్కువ.

రిపోర్టులో రెండు విషయాలు చూడండి. మామూలు బియ్యంలో ఒక పురుగుమందు అవశేషానికి ఎంత పరిమితి ఉందో, ఆర్గానిక్ అన్నదానికి అందులో 5 శాతమే, లేదా పరికరం కొలవగలిగిన కనీస స్థాయి, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మామూలు పరిమితి లోపలే ఉండి లేబుల్ మాత్రమే తప్పయితే అది మిస్‌బ్రాండింగ్. 52వ సెక్షన్ కింద 3 లక్షల వరకు జరిమానా, జైలు ఉండదు. ప్రకటనలు కూడా వేసి ఉంటే 53వ సెక్షన్ కింద 10 లక్షల దాకా పోతుంది. మామూలు పరిమితే దాటితే 'అన్‌సేఫ్' అంటారు, అది క్రిమినల్ కేసు. జరిమానా ఎంతో తేల్చేటప్పుడు ఎంత లాభం పొందారు, ఇది మొదటిసారేనా అన్నవి 49వ సెక్షన్ ప్రకారం చూడాలి. కాబట్టి మిగిలిన సంచులు వెనక్కి తెప్పించుకుని, తెప్పించినట్టు దుకాణదారుతో రాయించుకుని దగ్గరుంచుకోండి. నోటీసు వస్తే మీ జవాబుకు జత చేయడానికి అంతకన్నా మంచి కాగితం ఉండదు.

సర్టిఫికెట్‌కు రెండు దారులున్నాయి. ఎన్‌పీఓపీ దారిలో అపెడా (కేంద్ర వ్యవసాయ ఎగుమతుల సంస్థ) గుర్తించిన సంస్థ ఏటా వచ్చి తనిఖీ చేస్తుంది. ఎగుమతికైనా, పెద్ద కంపెనీలకు అమ్మాలన్నా ఇదే కావాలి. మన రాష్ట్రంలో విత్తన, సేంద్రియ ధ్రువీకరణ సంస్థ ఈ పని చేస్తుంది. 5 ఎకరాలకు ఒక్కరే ఈ ఫీజులు మోయడం దండగ, గుంపుగా వెళ్లాలంటే కనీసం 25 మంది రైతులు కావాలి. పీజీఎస్‌కు 5 మంది చాలు. ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని, ప్రతిజ్ఞ పత్రం రాసి, రీజనల్ కౌన్సిల్ (ఈ గుంపులను పర్యవేక్షించే సంస్థ) ద్వారా సర్టిఫికెట్ పొందుతారు. దేశంలో అమ్ముకోవడానికి ఇది పూర్తిగా చెల్లుతుంది. నా మాట వింటే పీజీఎస్‌తో మొదలుపెట్టండి.

మీ నాలుగేళ్ల కష్టం దానంతటదే లెక్కలోకి రాదు. మందులు మానేశాక పొలం ఆర్గానిక్ లెక్కలోకి రావడానికి పట్టే మార్పిడి కాలం వరి లాంటి పంటలకు 2 ఏళ్లు, మామిడి లాంటి తోటలకు 3 ఏళ్లు. మందు మానేసిన రోజు మీకు గుర్తున్నా, వాళ్లు లెక్కపెట్టేది నమోదైన రోజు నుంచి. గడిచిన కాలాన్ని కలుపుకోవాలంటే కాగితం చూపించాలి: వ్యవసాయ శాఖ సేంద్రియ పథకంలో మీ పేరు, భూసార పరీక్ష, వేపపిండి బిల్లులు, అలాంటివి. ఎరువుల దుకాణంలో ఈ-పోస్ మిషన్ మీద వేలిముద్ర వేసిన ప్రతి బస్తా ఆధార్ పేరిట నమోదవుతుంది. యూరియా కొరత రోజుల్లో పక్కింటివాళ్ల కోసం మీ నాన్నగారు వేలు పెట్టి ఉంటే, నాలుగేళ్లుగా యూరియా ముట్టలేదన్న మాటకు ఎదురు సాక్ష్యం అదే. ముందే అడిగి తెలుసుకోండి. మార్పిడి కాలంలో 'పీజీఎస్ గ్రీన్' అని వేసుకోవచ్చు, 'ఆర్గానిక్' అని వేయకూడదు.

పొలంలోనూ, పొలం దాటాకా కొన్ని పొరపాట్లు దరఖాస్తును దెబ్బతీస్తాయి. గులాబీ రంగు పూత పూసిన విత్తనం మందు కలిపిన విత్తనం, అది వాడితే చిక్కే. వేప పూత యూరియా కూడా యూరియాయే. 'బయో' అని అమ్మే సీసాల్లో పురుగుమందు కలిపి దొరికిన సందర్భాలున్నాయి, కాబట్టి కొనేముందు ఆ బ్రాండ్ వాడొచ్చా అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లను రాతపూర్వకంగా అడగండి. అద్దె స్ప్రేయర్ వద్దు. వడ్లు ఖాళీ యూరియా సంచుల్లో నింపడం మన ఊళ్లలో మామూలే, తనిఖీకి వచ్చినవాడి కన్ను మొదట పడేది దాని మీదే. మిల్లు ఇంకా పెద్ద బెడద: మీ ముందు ఎవరివో వడ్లు పట్టిన హాపర్‌లో (వడ్లు పోసే తొట్టిలో) మీవి పోస్తే పొలం నుంచి సంచి దాకా అవి మీ వడ్లేనని చూపే గొలుసు అక్కడే తెగింది. తెల్లవారి మొదటి లోడు మీదిగా పట్టించి, హాపర్ ఊడ్పించి, తేదీ, బస్తాల లెక్క, మిల్లు సంతకం పుస్తకంలో రాయించండి. ఎన్‌పీఓపీ అయితే మిల్లు కూడా సర్టిఫికెట్ గొలుసులో ఉండాలి. దిగుబడి అంచనా కూడా సర్టిఫికెట్‌లో ఉంటుంది. అంతకన్నా ఎక్కువ అమ్మితే ఆ అదనం ఎక్కడిదో చెప్పాలి.

కౌలు 2 ఎకరాల దగ్గర జాగ్రత్త. మార్పిడి కాలం భూమికి పట్టేది, మీకు కాదు. రెండో ఏడు చివర యజమాని వెనక్కి తీసుకుంటే మీ శ్రమ ఆయన గట్టు మీద ఉండిపోతుంది. ఏడాదికి మించిన కౌలు కాగితం రిజిస్టర్ కావాలి, లేకపోతే కోర్టులో ఆ షరతులకు విలువ ఉండదు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానులకు భయం, చాలామంది పెట్టరు. కనీసం సర్వే నంబర్లు, విస్తీర్ణం, సేంద్రియ సాగుకు సమ్మతి రాసిన కాగితమైనా తీసుకోండి. నాన్నగారి నుంచి కూడా అలాంటిదే ఒకటి. కౌలు పొలంలో మందులతో వరి, సొంత మడిలో ఆర్గానిక్ వరి అంటే పీజీఎస్ ఒప్పుకోదు.

పక్క పొలం మందు విషయంలో కోర్టుకెళ్లి నిషేధ ఉత్తర్వు అడిగే హక్కు మీకుంది, న్యూసెన్స్ (పక్కవాళ్ల ఆస్తికి ఇబ్బంది కలిగించడం) కింద అది చెల్లే దావాయే. కానీ ఆయన తన పొలంలో అనుమతి ఉన్న మందే కొడుతున్నప్పుడు, మీ మడిలోకి ఎంత వచ్చిందో నిరూపించేసరికి రెండు పంటలు కోసుకుంటారు. ముందు గట్టు మీద అడ్డం పడేలా చెట్లు పెంచండి, ఆ వైపు కొంత పట్టీ వదిలేసి, దాని పంట వేరుగా కోసి మామూలు వడ్లుగా అమ్మండి, ఆ లెక్క పుస్తకంలో చూపండి. పై మడి నుంచి మీకు నీళ్లు దిగుతుంటే కాలువ మళ్లించండి, గాలితోనే కాదు, నీళ్లతోనూ మందు వస్తుంది. మందు కొట్టే ముందు రోజు చెప్పమనీ, గాలి మీ వైపు లేనప్పుడు కొట్టమనీ ఆయనకు ఒక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ తర్వాత కూడా మారకపోతే, కొట్టిన రోజే ఆకు, నీళ్ల నమూనా తీయించి ల్యాబుకు పంపించండి. ఆ రిపోర్టూ, ఈ రసీదూ ఉంటే లాయరు దగ్గరికి వెళ్లొచ్చు.