ఫోన్ ఆయన చేతికే ఇవ్వండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. పాపకు రెండేళ్లు. ఏడ్చినా మావారు నన్ను ఎత్తుకోనివ్వరు. ముద్దు చేస్తే మొండిదవుతుందని వాట్సన్ అనే పెద్ద సైకాలజిస్టే చెప్పాడంటారు. మొన్న జగిత్యాల దగ్గరి ఊరి నుంచి మామగారు వచ్చి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, లాక్కుని లోపలికి తీసుకెళ్లిపోయారు. "నన్ను ఎత్తుకోని మనిషి ఇప్పుడు దీన్ని ఎత్తుకుంటాడా" అన్నారు. మామగారు పన్నెండేళ్లు దుబాయ్‌లో పనిచేశారు. రెండేళ్ల క్రితం అత్తగారు పోయినప్పటి నుంచి ఫోన్ నాకే చేస్తారు. ఇంట్లో ఒకటే టెన్షన్. వాట్సన్ చెప్పింది నిజమేనా? మావారికి చూపిస్తాను, వివరంగా రాయండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, పాప ఏడిస్తే ఎత్తుకోండి. కన్నబిడ్డను ఎత్తుకోవడానికి ఏ సైకాలజిస్ట్ అనుమతీ అక్కర్లేదు, నాది కూడా. మీరడిగినదానికి జవాబు ఇంతే.

వాట్సన్ గురించి మాత్రం కొంత చెబుతాను. 1878లో అమెరికాలోని సౌత్ కరోలినాలో పుట్టాడు. అతనికి పదమూడేళ్లప్పుడు తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పైకి కనిపించే ప్రవర్తననే సైన్స్ పరిశీలించాలని 1913లో వాదించి పేరు తెచ్చుకున్నాడు. 1928లో పిల్లల పెంపకం మీద పుస్తకం రాశాడు. కౌగిలించుకోవద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, తప్పదనుకుంటే రాత్రి పడుకునేటప్పుడు నుదుటి మీద ఒక్క ముద్దు, పొద్దున షేక్ హ్యాండ్. మీవారు చెబుతున్నది ఇదే. ఆ పుస్తకం రాసేంత తనకు తెలియదని, రాసినందుకు బాధగా ఉందని 1936లో వాట్సనే రాసుకున్నాడు.

అతని భార్య రోజలీ కూడా అదే పరిశోధనల్లో పనిచేసిన మనిషి. భర్త పద్ధతిలో ఇద్దరు కొడుకుల్ని పెంచుతున్న తల్లిగా 1930లో ఒక పత్రికకు వ్యాసం రాసింది. ఆయన్ని సమర్థిస్తూనే, తన మనసు పూర్తిగా దానికి ఒప్పుకోవడం లేదని చెప్పుకుంది. మీ ఉత్తరం చదువుతుంటే ఆమే గుర్తొచ్చింది. ముప్పై ఆరేళ్లకే, 1935లో చనిపోయింది. తండ్రి మనసులో మాట పైకి చెప్పలేని మనిషని చిన్నకొడుకు జేమ్స్ తర్వాత చెప్పాడు. 1957లో సైకాలజిస్టుల సంఘం వాట్సన్‌కు బంగారు పతకం ఇస్తే, నలుగురిలో ఏడ్చేస్తానేమోనన్న భయంతో లోపలికి వెళ్లలేక కొడుకుని పంపాడని ఆయన జీవితం రాసినవారు చెబుతారు.

తండ్రి వదిలేయడం వల్లే వాట్సన్ అలా రాశాడని నేను అనను. మీవారి విషయంలో మాత్రం అంటాను, ఎందుకంటే ఆ మాట ఆయన నోటితోనే వచ్చింది. ఆయన గొడవ పాపతో కాదు, మీతో కాదు. వాళ్ల నాన్నతో.

మన ఇళ్లలో తండ్రీకొడుకుల ఫోన్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. "తిన్నావా? ఒంట్లో బాగుందా? ఇదిగో, అమ్మకిస్తున్నా." ఆ ఇద్దరి మధ్యా ఇన్నాళ్లూ మాటలు మోసింది మీ అత్తగారు. ఆమె పోయాక ఆ పని మీకొచ్చింది. మంచి కోడలిగానే చేస్తున్నారు, కానీ మీరు చేస్తున్నన్నాళ్లూ వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన అవసరమే రాదు.

దుబాయ్ ఎండలో మామగారు కష్టపడింది ఇంటి కోసమే. అలాగని నీ కోసమే వెళ్లానురా అంటే ఆ పన్నెండేళ్ల లోటు పూడదు. ఎందుకు దగ్గర లేవని తండ్రిని అడిగే హక్కు కొడుక్కి ఉంది. భార్య పోయిన పెద్దాయనతో మాటలు మానేసే హక్కు మాత్రం లేదు. కటువుగా అనిపించినా ఈ మాట వెనక్కి తీసుకోను. మా నాన్న కూడా ఉద్యోగం కోసం ఊళ్లు పట్టుకు తిరిగారు. నేను అడగాల్సింది అడగకముందే పోయారు.

ఈసారి మామగారి ఫోన్ వస్తే "మామయ్యా, మీ అబ్బాయి ఇక్కడే ఉన్నారు" అని ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోండి. అర నిమిషంలో పెట్టేస్తారు. పెట్టేయనివ్వండి. మీరు మళ్లీ చేసి సర్దిచెప్పొద్దు. దసరాకు ముగ్గురూ ఊరెళ్లి నాలుగు రోజులు ఉండండి.

మీవారికి చూపించడానికి రాయమన్నారు, కానీ ఇది చూపించకండి. ఒక రాత్రి పాప నిద్రపోయాక, చిన్నప్పుడు నాన్న ఎత్తుకున్నట్టు గుర్తుందా అని మీరే అడగండి. ఆయన ఎంతసేపు మాట్లాడకపోయినా మీరు మధ్యలో మాట అందించకండి.