బోర్డు మీద నంబరు

ప్రశ్న: 1985 నాటి హైదరాబాద్ కథ అంటూ వస్తున్న సీరియల్లో, బట్టల షాపు బోర్డు మీద 040తో ఎనిమిది అంకెల ఫోన్ నంబరు చూపించారు. అప్పట్లో అలా ఉండేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లేదండీ. అప్పుడు హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 0842. 040 తొంభైల్లో వచ్చింది. ఏడంకెల నంబర్ల ముందు 2 చేర్చి ఎనిమిది చేసింది 2000 దాటాకే. ఆ రోజుల్లో బోర్డు మీద 'ఫోన్' అని రాసి, పక్కన ఐదో ఆరో అంకెలు వేసేవారు, అంతే. ఫియట్ కారు, డయల్ తిప్పే నల్ల ఫోను వెతికి తెచ్చినవాళ్లు నంబరు దగ్గర ఇలా వదిలేస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పాత వారపత్రికల్లో ప్రకటనలు తిరగేస్తే ఆ కాలపు నంబర్లు బోలెడు దొరుకుతాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆరంకెలు నొక్కితే ఎవరింట్లోనూ ఫోన్ మోగదు కాబట్టి ఆ టెన్షన్ కూడా అక్కర్లేదు.