సీసా దాటగానే వాలిపోతున్నాయి

ప్రశ్న: కిత్తనార పిలకల నుంచి టిష్యూ కల్చర్‌లో (చిన్న ముక్కను సీసాలో పెంచే పద్ధతి) మొక్కలు తీస్తున్నాం. సీసాల్లో పచ్చగా ఉంటాయి, వేర్లూ బాగానే వస్తాయి. ట్రేలోకి మార్చిన వారానికే మెత్తబడి పడిపోతున్నాయి. ఎండకు అంత మొండి మొక్కకు ఇదేం బలహీనత? పత్తిని కూడా ఇలాగే పెంచవచ్చా?

జవాబు: మొండిది కదా అని నేనూ మోసపోయానండి. మొదటి బ్యాచ్‌ను మూత లేని ట్రేలో, గాలి తగిలేచోట పెట్టేశాను. మూడో రోజుకు ఆకులు కొసల నుంచి ఎండడం మొదలైంది. బయట పెరిగిన కిత్తనార ఆకు మీద మందమైన మైనం పొర ఉంటుంది, పత్రరంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి. సీసాలో పుట్టిన ఆకుకు ఆ అవసరమే రాలేదు. చుట్టూ తడి గాలి, తిండికి మీడియంలో (సీసాలో మొక్క పెరిగే పోషక పదార్థం) పంచదార (మామూలుగా లీటరుకు 30 గ్రాములు). అందుకే మైనం పల్చన, రంధ్రాలు సరిగా మూసుకోవు.

కానీ మీరు ‘మెత్తబడి’ అన్నారు. అది ఎండడం కాదు, కుళ్లు. మొక్కను పీకి మొదలు నొక్కి చూడండి, గోధుమరంగులో జారిపోతోందా? అయితే నా అనుమానం అగార్ మీద, అంటే మీడియంను గట్టిపరిచే జెల్లీ మీద. వేర్లకు అంటిన ఆ జెల్లీలోనూ పంచదార ఉంటుంది, బూజుకు అది విందు. నీళ్లలో మెల్లగా, పూర్తిగా కడగండి. వేరు ఒకటి రెండు తెగినా ఫర్వాలేదు, జెల్లీ మాత్రం మిగలకూడదు. నీరు నిలవని, వేడిచేసి శుద్ధి చేసిన మిశ్రమంలో నాటండి. పైన పారదర్శకమైన మూత పెట్టి, రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తెరుస్తూ రండి. మూత ఉన్నన్నాళ్లూ గాలికి తడి కావాలి, మట్టికి కాదు. ఈ తేడా తెలియకే చాలామంది రోజూ నీళ్లు పోస్తారు. నేరుగా ఎండ అప్పుడే వద్దు.

పత్తి సంగతి వేరు. గింజతో చక్కగా మొలిచేదానికి సీసా ఎందుకు? కిత్తనార అలా కాదు, గింజ కట్టడమే అరుదు. ఒక్కసారి పూగడ వేసి చచ్చిపోతుంది. పిలకలు, గడ మీద వచ్చే బుల్లి మొక్కలే దానికి సంతానం. పత్తిలో టిష్యూ కల్చర్ ఎక్కువగా జన్యుమార్పిడికి వాడతారు. అక్కడా చాలా రకాలు కణజాలం నుంచి మొక్కగా మారడానికి మొరాయిస్తాయి. అందుకే ల్యాబుల్లో, అలా మొరాయించని ‘కోకర్ 312’ అనే పాత అమెరికా రకం అంత పేరు తెచ్చుకుంది. జన్యువును ముందు దానిలో ఎక్కించి, తర్వాత మామూలు సంకరంతో మిగతా రకాల్లోకి తెస్తారు.