ఆదివారం తొట్టె కడగొద్దు

ఒరేయ్ బుజ్జీ,

మీ అమ్మ ఫోన్లో మాటల మధ్యలో చెప్పింది, నువ్వు చేపల తొట్టె పెట్టావని, అద్దాలన్నీ గోధుమ రంగు పాచి పట్టాయని, ఈ ఆదివారం చేపల్ని బకెట్లో వేసి తొట్టె మొత్తం ఖాళీ చేసి రాళ్లతో సహా కడిగేస్తావని. పైగా పాచి చంపే మందు కూడా ఆర్డర్ పెట్టావట. తొట్టె పెట్టావని విన్నప్పుడు ఎంత సంతోషం వేసిందో, మిగతాది విన్నాక అంత టెన్షన్ పట్టుకుంది. ఫోన్ చేస్తే "సరే అత్తా, సరే అత్తా" అంటూనే నీ పని నువ్వు చేసుకుపోతావు. అందుకే రాస్తున్నా. ఆదివారం లోపల చదువు.

ముందు ఆ మందు సంగతి. సీసా వచ్చినా మూత తీయకు. అలాంటి మందుల్లో కొన్నిట్లో రాగి ఉంటుంది. చేపలు ఎలాగో ఓర్చుకున్నా రొయ్యలు, నత్తలు బతకవు. రాగి లేని మందైనా సరే, పాచి అంతా ఒక్కసారే చస్తే అది నీళ్లలోనే కుళ్లుతుంది. కుళ్లుతూ నీళ్లలో ఉన్న ఆక్సిజన్ లాగేస్తుంది. ఇంతా చేస్తే పాచి ఎందుకు పట్టిందో ఆ కారణం అక్కడే ఉంటుంది, కాబట్టి అది మళ్లీ వస్తుంది.

నీ అద్దం మీద ఉన్నది వేలితో రుద్దగానే పొడిలా లేచి వస్తోందా? అయితే అది డయాటమ్స్ అనే గోధుమ రంగు పాచి. కొత్త తొట్టెల్లో చాలామందికి వచ్చేదే. నీళ్లలో ఉండే సిలికేట్ అనే ఖనిజంతో అవి తమ పెంకు కట్టుకుంటాయి. తొట్టె కుదురుకున్న కొద్దీ కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. అప్పటిదాకా స్పాంజి ముక్కతో అద్దం తుడువు, చాలు. గిన్నెలు తోమిన స్పాంజి మాత్రం కాదు. సబ్బు అనేది ఆ తొట్టె ఛాయలకి కూడా రాకూడదు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు ఆదివారం చేయాలనుకుంటున్న పని మన ఇంట్లో ఒకసారి జరిగింది. చేసింది మీ నాన్న. నీకు చెప్పి ఉండడు. అడిగితే "మన ఇంటికి చేపలు అచ్చిరావు" అని మాట దాటేస్తాడు. అచ్చిరాకపోవడమేమీ లేదు. నేను పక్కనే ఉండి చూశాను.

అప్పుడు వాడు నీకంటే చిన్నవాడు. నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఉండేవి. తొట్టె కొంచెం పచ్చబడిందని ఒక సెలవు రోజు పొద్దున్నే కూర్చున్నాడు. రాళ్లకి మరిగే నీళ్లు పోశాడు. ఫిల్టర్ స్పాంజి తీసి, అందులోంచి గోధుమ రంగు మడ్డి కారుతుంటే "ఛీ, ఇదా వీటికి మనం పెట్టిన ఇల్లు" అంటూ కుళాయి కింద పిండి పిండి కొత్తదానిలా చేశాడు. మళ్లీ నిండా కుళాయి నీళ్లు పట్టాడు. నిజం చెప్పాలంటే, సాయంత్రం లైటు వేస్తే ఆ తొట్టె అంత అందంగా అంతకుముందెప్పుడూ లేదు. ఇంట్లో అందరం కుర్చీలు లాక్కుని మరీ చూశాం.

మర్నాటికి నీళ్లు పలచటి మజ్జిగలా అయ్యాయి. మురికి ఇంకా మిగిలిందనుకుని మళ్లీ మొత్తం మార్చాడు. ఆ మర్నాడు చేపలు నాలుగూ పైకి వచ్చేశాయి. ఫిల్టర్ నీళ్లు పడే మూల చేరి, ఒంటిని ఏటవాలుగా పెట్టి, మూతి నీటి పైన తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. గది నిశ్శబ్దంగా ఉంటే ఆ చప్పుడు వినిపించేది. ఎర్రగా ఉండాల్సిన మొప్పలు ఇటుక పొడి రంగుకి తిరిగాయి. "నీళ్లు తళతళ మెరుస్తున్నాయి కదక్కా, మరి వీటికేమైంది?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంకోసారి నీళ్లు మార్చాడు. వారం తిరక్కుండా తొట్టె ఖాళీ అయింది. ఆ తర్వాత అందులో పాత పుస్తకాలు పెట్టుకున్నాడు.

కారణం నాకు చాలాకాలం తర్వాత, నేనే తొట్టె పెట్టాక తెలిసింది. చేపల రెట్టలోంచి, మొప్పల్లోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమోనియా పుడుతుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ని చేపలు చాలావరకు ఓర్చుకుంటాయి. ఈ బాక్టీరియా ఎక్కువగా కాపురం ఉండేది నీళ్లలో కాదు, ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద. మీ నాన్న "ఛీ" అని పిండి పారబోసిన మడ్డిలోనే అవి ఉన్నాయి. పోగా మిగిలినవాటిని కుళాయి నీళ్లలోని క్లోరిన్ చంపింది. అవి మళ్లీ నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నైట్రైట్ చేప రక్తంలోకి ఎక్కితే ఆ రక్తం ఆక్సిజన్ మోయలేదు, రంగు కూడా గోధుమకి తిరుగుతుంది. మెరిసే నీళ్లలో ఆ చేపలకి ఊపిరాడకపోవడం అందుకే అయి ఉంటుంది. ఇది వాడికి ఒకసారి చెప్పబోయాను. "ఇప్పుడెందుకులే అక్కా" అన్నాడు. నేనూ ఊరుకున్నాను.

కాబట్టి స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే, ఒక గిన్నెలో రెండు మూడుసార్లు మెల్లగా పిండు. తెల్లబడనక్కర్లేదు, నీళ్లు దాంట్లోంచి పారితే చాలు. స్పాంజి కడిగిన వారం రాళ్ల జోలికి వెళ్లకు.

టెస్ట్ కిట్ లేదంటే నాకు కోపం వస్తుంది. ఆ మందుకి పెట్టిన డబ్బు దీనికి పెట్టాల్సింది. చుక్కలు వేసి చూసే రకం కొను. నైట్రేట్ పరీక్షలో రెండో సీసాని బాగా గిలక్కొట్టాలి, లేకపోతే అంకె తక్కువ చూపించి మోసం చేస్తుంది. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో 20) దగ్గర ఉంటే హాయి, 40 దాటితే నీళ్లు మార్చాలి. ఒకసారి కుళాయి నీళ్లని కూడా పరీక్షించు, కొన్నిచోట్ల నైట్రేట్ అక్కడినుంచే వస్తుంది. అమోనియా గానీ నైట్రైట్ గానీ కనబడితే మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చి, ఒకటి రెండు రోజులు మేత ఆపి, గాలి పంపు వేసి ఉంచు. పీహెచ్ ఎక్కువైనా, నీళ్లు వేడెక్కినా అదే అమోనియా ఇంకా ఘోరంగా పని చేస్తుందని గుర్తుంచుకో.

మామూలు రోజుల్లో వారానికి పావు వంతు మారిస్తే చాలు. క్లోరిన్ విరిచే మందు వేయకుండా కొత్త నీళ్లు పోయకు. రాత్రంతా బకెట్లో ఉంచితే పోతుందని అంటారు, క్లోరిన్ అయితే అలాగే ఎగిరిపోతుంది, క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసినది) కలిపిన నీళ్లయితే పోదు. ఆవిరైనంత నీళ్లు నింపి, మార్చినట్టే అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆవిరయ్యేది నీళ్లే, నైట్రేట్ అంతా తొట్టెలోనే ఉంటుంది.

ఇక పాచికి కావలసినవి రెండే, వెలుతురు, తిండి. లైటుకి టైమర్ పెట్టి ఆరు నుంచి ఎనిమిది గంటలకి మించనివ్వకు. నువ్వు రాత్రి పన్నెండు దాకా లైటు వేసుకుని చూస్తూ కూర్చుంటావని మీ అమ్మ చెప్పేసింది. తొట్టె మీద నేరుగా ఎండ పడుతుంటే కర్టెన్ వెయ్యి. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యి. చేప ఎప్పుడు చూసినా ఆకలిగానే మొహం పెడుతుంది, నువ్వు చిన్నప్పుడు చేసినట్టే. మనీ ప్లాంట్ కాడ ఒకటి, ఆకులు బయట ఉండేలా, వేర్లు మాత్రం నీళ్లలో మునిగేలా పెట్టు. నైట్రేట్ బాగా పీలుస్తుంది.

తర్వాత్తర్వాత వేరే రకాలూ రావచ్చు. నీళ్లే పచ్చగా అయిపోతే మూడు నాలుగు రోజులు దుప్పటి కప్పి పూర్తిగా చీకటి చెయ్యి. అద్దం మీద గట్టి పచ్చ చుక్కలైతే బ్లేడుతో గీకు. నీలం కలిసిన పచ్చ రంగులో, జిగటగా, దుప్పటిలా ముసురుకుని కంపు కొడితే అది పాచి కాదు, సయనోబాక్టీరియా. దాన్ని గొట్టంతో లాగేసి, నీళ్లు కదలని మూలల్లో కదలిక వచ్చేలా చెయ్యి. ఆకుల అంచున నల్లటి గడ్డంలా మొలిచేది మహా మొండిది, ఆ ఆకులు కత్తిరించి పారెయ్. ఏం మార్చినా ఒకసారికి ఒకటే మార్చి, వారం పది రోజులు ఆగి చూడు. పాచి తింటుందని ఎవరో అంటగడితే ప్లెకో చేపని తెచ్చుకోకు. మామూలు ప్లెకో అడుగు పొడవు దాటి పెరుగుతుంది, పైగా అది వేసే రెట్టకి నీ ఫిల్టర్ చాలదు.

ఇంకొకటి. నాకు కరెంటంటే ఎంత భయమో మీకందరికీ తెలుసు, నవ్వుకుంటే నవ్వుకోండి. తొట్టెలో చెయ్యి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ పీకు. స్విచ్ ఆపితే చాలదా అనకు, పీకు. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు వైరు మీదుగా జారిన నీటి బొట్టు వంపు దగ్గరే కింద పడుతుంది. హీటర్ ఉంటే ఆపాక పావుగంట ఆగి నీళ్లు తియ్యి, వేడి మీద గాలికి తేలితే గాజు పగులుతుంది. చదివేసి పక్కన పెట్టకుండా ఇప్పుడే లేచి వైర్లు చూసి రా.

ఆదివారం అద్దం తుడిచి, పావు వంతు నీళ్లు మార్చు, అంతే. బకెట్లు మోయడానికి మీ నాన్నని పిలువు. రానంటాడు, అయినా పిలువు. అంతకంటే ముందు శనివారం రాత్రికల్లా అమోనియా, నైట్రైట్, నైట్రేట్ అంకెలు మూడూ నాకు పంపు. అద్దం ఫోటో కూడా పెట్టు, గదిలో లైట్లన్నీ ఆపి తియ్యి, లేకపోతే నీ మొహమే కనబడుతుంది గానీ పాచి కనబడదు.

మీ అత్త