కాగ్నాసిబుల్ అంటే ఏమిటి?

సందేహం: తత్త్వశాస్త్ర పుస్తకం ఒకటి అనువదిస్తున్నాను. అందులో ‘భగవంతుడు కాగ్నాసిబుల్ కాడు’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. ఈ మాట, పోలీసులు వాడే ‘కాగ్నిజబుల్’ ఒకటేనా? ఇక్కడ ‘తెలియనివాడు’ అనవచ్చా?

సమాధానం: కాగ్నాసిబుల్ అంటే తెలుసుకోవడానికి వీలైన అని. మీ వాక్యంలో ‘తెలియనివాడు’ అంటే అర్థం మారిపోతుంది. ఇప్పుడు తెలియకపోయినా రేపు తెలియవచ్చు. ‘ప్రమాదానికి కారణాలు తెలియరాలేదు’ అని పేపర్లో చదివినప్పుడు, అవి ఎప్పటికీ తెలియవని ఎవరూ అనుకోరు కదా. మీ వాక్యం చెబుతున్నది తెలుసుకునే వీలే లేదని. సంస్కృతంలో మొదటిది అజ్ఞాతం, రెండోది అజ్ఞేయం. అందుకే దేవుడున్నాడో లేడో తెలుసుకునే వీలు లేదనేవాడికి ఇంగ్లీషు శాస్త్రవేత్త హక్స్‌లీ 1869లో ‘అగ్నాస్టిక్’ అన్న మాట పుట్టిస్తే, మనవాళ్లు దాన్ని ‘అజ్ఞేయవాది’ అన్నారు. చక్కటి మాట. దాన్ని, దేవుడు లేడనే నాస్తికుడికి పర్యాయపదంగా వాడేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది.

కాగ్నాసిబుల్ ఇంగ్లీషులోనూ అరుదే. మూలం లాటిన్‌లో ‘తెలుసుకొను’ అనే అర్థం గల ‘కాగ్నాస్కెరె’. అందులోని ధాతువు, మన ‘జ్ఞా’ ధాతువు ఒకే కుదురువి. కాబట్టి ‘జ్ఞేయం’ దగ్గరి చుట్టమే. అయితే ఒక మెలిక ఉంది. జ్ఞేయం అంటే తెలుసుకోగలిగినది అనీ, తెలుసుకోవలసినది అనీ రెండర్థాలు. గీత 13వ అధ్యాయంలో ‘జ్ఞేయం యత్తత్ ప్రవక్ష్యామి’ (ఏది జ్ఞేయమో అది చెబుతాను) అన్నచోట రెండోదే ప్రధానం. దాన్ని తెలుసుకుంటే అమృతత్వం వస్తుందని వెంటనే చెబుతాడు. ‘తెలియదగిన’ అన్నా ఇదే చిక్కు. ‘చూడదగిన ఊరు’ అంటే చూసి తీరాల్సిన ఊరనే కదా! కాగ్నాసిబుల్‌కు వీలు అన్న అర్థమే ఉంది, తెలుసుకుని తీరాలన్న అర్థం లేదు. మామూలు వచనంలో ‘తెలుసుకోగల’, ‘తెలుసుకోవడానికి వీలైన’ అనడం మేలు.

కాగ్నిజబుల్ కూడా ఆ లాటిన్ మూలం నుంచి వచ్చిందే. తత్త్వంలో దానికీ ‘తెలుసుకోగల’ అనే అర్థముంది. చట్టంలో మాత్రం దారి వేరు. వారెంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం కాగ్నిజబుల్ నేరం. మేజిస్ట్రేట్ ఉత్తర్వు కోసం ఆగకుండా దర్యాప్తు మొదలుపెట్టవచ్చు. దాన్ని ‘గుర్తించదగిన నేరం’ అని రాస్తే చదివేవాడికి ఏమీ బోధపడదు. కాగ్నిజబుల్ అనే ఉంచి, ఒక్క ముక్కలో వివరించండి.

ఇక మీ వాక్యం. శాస్త్ర చర్చ సాగుతున్న చోట ‘భగవంతుడు అజ్ఞేయుడు’ అని రాయండి. మిగతా చోట్ల ‘భగవంతుడు మన ఎరుకకు అందడు’ అంటే చాలు.