విలీనమైతే జట్లు ఏమవుతాయి?

ప్రశ్న: అమెరికాలో విద్యార్థులు తగ్గి నష్టపోతున్న ప్రభుత్వ యూనివర్సిటీలను కలిపేస్తున్నారు. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్‌తో చేరితే జట్టు ఉంటుందా?

జవాబు: కచ్చితంగా చెప్పలేం. పెన్సిల్వేనియాలో 2022 జులై 1న కాలిఫోర్నియా (రాష్ట్రం కాదు, ఆ పేరున్న యూనివర్సిటీ), క్లారియన్, ఎడిన్‌బరో యూనివర్సిటీలు కలిసి పెన్‌వెస్ట్ అయ్యాయి. కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ ఒప్పుకోవడంతో ఏ క్యాంపస్ జట్లు ఆ క్యాంపస్‌కే మిగిలాయి. ఒకే యూనివర్సిటీ జట్లు ఒకదానితో ఒకటి తలపడుతున్నాయన్నమాట! జార్జియాలో అలా కాలేదు. 2018లో ఆర్మ్‌స్ట్రాంగ్ స్టేట్ యూనివర్సిటీ జార్జియా సదరన్ యూనివర్సిటీలో కలిసింది, ఆ విలీనంతో ఆర్మ్‌స్ట్రాంగ్ జట్లే లేకుండా పోయాయి. ఎన్‌సీఏఏ స్థాయుల్లో అవి డివిజన్ 2, సదరన్‌వి అంతకన్నా పైదైన డివిజన్ 1. అంత పై స్థాయి జట్టులో చోటు అందరికీ దొరకదు.

డివిజన్ 2లో ఉండాలంటే కనీసం 10 క్రీడలు నడపాలి. అంతకుమించి ఉన్నచోట కోత సులువు, ముందు ఆ లెక్క చూడండి. జట్టు రద్దయినా డిగ్రీ పూర్తయ్యేదాకా స్కాలర్‌షిప్ ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. కోచ్ నోటిమాట చాలదు.