స్పానిష్‌లో 'చెయ్యి', 'చెయ్యండి': ముందు 'అండి' రూపం పట్టుకోండి

'ఆబ్ల', 'ఆబ్లె' రెండూ ఆజ్ఞల్లో కనిపిస్తున్నాయి, ఏది కరెక్ట్ అని అడిగారు. రెండూ కరెక్టే. ఆబ్ల అంటే మాట్లాడు, ఆబ్లె అంటే మాట్లాడండి. (దీర్ఘం ఉన్నచోట ఒత్తి పలకాలి.)

నేను హనుమకొండలోనే ఉండి మెక్సికో కస్టమర్ల సపోర్ట్ కాల్స్ చూస్తా, అంటే రాత్రి డ్యూటీ. ఆ కాల్స్‌లో రాత్రంతా నోట్లో ఆడేవి ఇవే: ఎస్పేరె ఉన్ మొమేంతొ (ఒక్క నిమిషం ఆగండి), రెయినీసియె (రీస్టార్ట్ చెయ్యండి), ఎస్క్రీబ సు కొంత్రసేన్య (మీ పాస్‌వర్డ్ కొట్టండి).

రెగ్యులర్ క్రియల అసలు రూపాలు ఆర్, ఏర్, ఈర్‌లతో ముగుస్తాయి: అబ్లార్ (మాట్లాడడం), కొమేర్ (తినడం), ఎస్క్రిబీర్ (రాయడం). 'వాడు మాట్లాడతాడు' అనడానికి వాడే ఆబ్ల రూపమే 'నువ్వు'కి ఆజ్ఞ కూడా. అట్లనే కొమేర్‌కి కోమె (తిను), ఎస్క్రిబీర్‌కి ఎస్క్రీబె (రాయి). 'అండి' కావాలంటే చివరి అచ్చు తిరగేస్తే చాలు: ఆబ్లె, కోమ, ఎస్క్రీబ.

పుస్తకాలు చాలావరకు 'నువ్వు'తో మొదలుపెడతాయి. నన్నడిగితే 'అండి' రూపమే ముందు నోటికి రావాలి. దానికి 'న్' చేరిస్తే పదిమందికి చెప్పినట్టు: ఆబ్లెన్. ముందు 'నో' పెడితే మాట్లాడకండి: నో ఆబ్లె. దానికే 'స్' తగిలిస్తే 'నువ్వు మాట్లాడకు': నో ఆబ్లెస్. ఒక్కటి వస్తే మిగతావి దాని వెంటే వస్తాయి.

మనవాళ్లు తడబడేది ఇంకోచోట. మనకు 'కూసోండ్రి' ఒక పెద్దమనిషికీ సరిపోతుంది, ఇంటినిండా వచ్చిన చుట్టాలకూ సరిపోతుంది. స్పానిష్‌లో ఆ పెద్దమనిషి ఒక్కడే ఉంటే ఉస్తేద్ (ఒక్కరికి 'మీరు'), చుట్టాలంతా ఉంటే ఉస్తేదెస్ (పదిమందికి 'మీరు'). లైన్లో ఒక్క కస్టమర్ ఉంటే ఎస్పేరె, కాన్ఫరెన్స్ కాల్‌లో ముగ్గురుంటే ఎస్పేరెన్. మర్యాద కోసమని ఒక్కరికి 'న్' తగిలించొద్దు.

ఇక 'నువ్వు' అంటే మర్యాద తక్కువ అనుకోకండి. మా దిక్కు అమ్మనూ నాయిననూ నువ్వే అంటాం కదా. స్పెయిన్‌లో కొత్తవాళ్లతో కూడా 'తూ' (నువ్వు) మామూలే, కొలంబియా రాజధాని బొగోతాలోనేమో సొంత ఇంట్లోవాళ్లను 'ఉస్తేద్' అనేవాళ్లున్నారు. కస్టమర్ 'తూ'కి దిగేదాకా 'ఉస్తేద్'తోనే నడపడం సేఫ్.

బుస్కార్ (వెతకడం) చూసి ఇర్రెగ్యులర్ అని భయపడేవాళ్లుంటారు. బూస్క, బూస్కె అని తెలుగులో రాస్తే ఇబ్బందేమీ లేదు. వాళ్ల లిపిలో సి (c) తర్వాత ఇ (e) వస్తే 'క' పలకదు కాబట్టి సి తీసి క్యూ, యు (qu) పెడతారు. మారేది స్పెల్లింగే. నిజంగా దారి తప్పేవి 'తూ' ఆజ్ఞల్లో ఎనిమిదే, అవి వేరే పాఠం.

'నన్ను', 'నాకు' లాంటివి ఆజ్ఞకు వెనక అతుక్కుంటాయి: ఎస్పేరెమె, నా కోసం ఆగండి. ఒత్తు పాత జాగాలోనే ఉండాలి కాబట్టి రాతలో ఆ అచ్చు మీద గీత పెడతారు. వద్దని చెప్పేటప్పుడు మాత్రం ముందుకొస్తుంది: నో మె ఎస్పేరె.

స్పెయిన్‌లో స్నేహితుల గుంపుకి చెప్పాలంటే క్రియ అసలు రూపంలో చివరి 'ర్' తీసి 'ద్' పెడతారు: అబ్లాద్, కొమేద్, ఎస్క్రిబీద్. లాటిన్ అమెరికా కాల్స్ కోసం నేర్చుకుంటుంటే దీన్ని ఇప్పుడు పక్కన పెట్టండి.